పోకెమాన్ ఆటలో సైన్యసన్నాహము

మహాభారతమున భీష్మపర్వమునకు ముందు ఉద్యోగపర్వము కలదు. రాయబారములు నడపుట, సేనలను కూర్చుకొనుట, ఎవరు ఏ పక్షమున నిలుతురో తేల్చుకొనుట మొదలగునవి అందు చెప్పబడినవి. కురుక్షేత్రమున బాణమొక్కటైనను విడువబడకమునుపే ఒక పర్వమంతయు నడచిపోవును. భారతకథలో నాకు మిక్కిలి యిష్టమైన భాగమిదియే. ఆ యిష్టము నాకు ఒక వీడియో ఆటవలన కలిగినదని చెప్పినచో చదువరులలో కొందఱు నవ్వవచ్చును. పత్రికలో నిట్టి ఆటకు చోటేల యని అడుగువారును ఉండవచ్చును. కాని ఫుట్‌బాలును గూర్చియు క్రికెట్టును గూర్చియు మనము ఏటేట వ్రాసికొనుచునే యున్నాము గదా! జట్టును ఎన్నుకొనుటయందలి కష్టము అన్ని ఆటలకును ఒక్కటియే. ఆ కష్టమును గూర్చియే నేను వ్రాయబూనితిని.

ఈ ఆట పేరు పోకెమాన్. 1996వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన జపానుదేశమున 'ఎరుపు', 'ఆకుపచ్చ' అను రెండు ప్రతులుగా మొదట వెలువడెను. 1998లో 'ఎరుపు', 'నీలము' అను పేర్లతో అమెరికాకు వచ్చెను. దీనిని కల్పించినవాడు సతోషి తజిరి. అతడు టోక్యో నగరపు శివారున పెరిగినవాడు. చిన్ననాట పురుగులను పట్టి పోగుచేయుటయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. పొలములును చెరువులును ఇండ్లక్రింద మాయమైన పిమ్మట పుట్టిన పిల్లలకు ఆ ఆనందమును మఱియొక విధముగ నీయవలెనని అతడు తలచెను. ఈ యాట ఆ తలంపునుండి పుట్టినది.

ఆట నడచు తీరు సంగ్రహముగ నిది. ఆడువాడు ఒక బాలుని వేషమున ఊరూర తిరుగుచు, అడవులలోను నీటిలోను గుహలలోను సంచరించు వింతజంతువులను బంతులలో పట్టును. మొదటి ఆటలో వీని జాతులు 151. నేడు వేయికి మించినవి. ఎన్ని పట్టినను వెంట కొనిపోదగినవి ఆఱు మాత్రమే. తక్కినవి కంప్యూటరు పెట్టెలలో నిలువయుండును. ఒక్కొక్క జంతువు నాలుగు ప్రయోగములనే జ్ఞాపకముంచుకొనగలదు. ఐదవదానిని నేర్పవలెనన్న మునుపటి వానిలో నొకటిని మఱపింపవలెను. మఱచినది మఱల రాదు. ప్రతి ప్రయోగమునకు ఇన్నిమార్లే యను లెక్కయు కలదు. ఆ లెక్క తీఱినచో మఱల నింపుకొనువఱకు అది పనికిరాదు.

మా మేనమామగారు చదువు నిమిత్తము అమెరికాలో నున్న కాలమున, అనగా 1999లో, ఈ ఆట ఆడెడివారు. గడచిన వేసవిలో వారు కుటుంబముతో మా ఇంటికి వచ్చుచు రెండు పాత గేమ్ బాయ్ యంత్రములను, ఎరుపు ప్రతిని, నీలము ప్రతిని, యంత్రములను రెంటిని కలుపు తీగనొకదానిని తెచ్చిరి. ఎరుపు నాకును, నీలము వారి కుమారుడైన మా బావకును దక్కెను. బావ నాకంటె రెండేండ్లు పెద్దవాడు. వారు తిరిగి పోవుటకు ఆఱు వారముల గడువుండెను.

ఆడినదంతయు కార్ట్రిడ్జి లోపలనున్న గుండీవంటి చిన్న బ్యాటరీ బలముచేతనే నిలిచియుండును. బ్యాటరీ ఆఱిపోయినచో అంతయు తుడిచిపెట్టుకొనిపోవును. మామయ్య చిన్ననాట ఆడిన ఆట అట్లే ఎన్నడో నశించెను. మా బజారులో గడియారములు బాగుచేయు నతడు పాత బ్యాటరీలను ఊడదీసి, క్రొత్తవానిని టంకము పెట్టి అతికి ఇచ్చెను. ఆ సాయంకాలమే మేమిద్దరము ఆట మొదలిడితిమి.

ఇక తుదియుద్ధము సంగతి. ఎనిమిది చోట్ల ఎనిమిదిమంది నాయకులను గెలిచి ఎనిమిది పతకములను పొందినవానికే ఇండిగో పీఠభూమికి పోవు అర్హత కలుగును. దారిలో కావలివారు పతకములను ఒక్కొక్కటిగా పరీక్షింతురు. ఆవల విజయమార్గమను పెద్దగుహ. అందు బండలను త్రోసికొనుచు దారి చేసికొని పోవలెను. గుహ దాటిన పిమ్మట మేటి నలుగురను యోధుల భవనము కనబడును. నలుగురను వరుసగా గెలిచినచో ఐదవ గదిలో విజేత యుండును. ఆట మొదటిదినము నుండియు మనతో పోటీపడుచు వచ్చిన పొరుగింటి బాలుడే ఆ విజేత.

ఈ ఐదు యుద్ధములకును ఒక కఠినమైన నియమము కలదు. లోపల అడుగిడిన పిదప వెనుకకు త్రోవ లేదు. నడుమ వైద్యశాలయు లేదు, అంగడియు లేదు. సంచిలో నున్నదే ఔషధము, వెంటనున్నదే బలగము. ఎచట ఓడినను చేతిలోని ధనములో సగము పోవును. మఱల మొదటి గదినుండి ఆరంభింపవలెను. నాలుగు గదులను గెలిచి ఐదవదానిలో పడినవానికిని మొదటి గదిలోనే పడినవానికిని భేదము లేదు. కావున ఈ యుద్ధములలో చేయవలసిన ఆలోచనలో పెద్దభాగము గుమ్మము దాటకమునుపే ముగియవలెను.

ఎదుటివారి బలగమును ముందు తెలిసికొంటిమి. మొదటి గదిలో లోరెలై యను వనిత. ఆమె జంతువులు ఐదింటిలో మూడు నీరును మంచును కలసినవి. ఒకటి నీరును మనశ్శక్తియు గలది. జింక్స్ అను నొకటి మాత్రము మంచును మనశ్శక్తియు గలది. రెండవవాడు బ్రూనో. వానికి రాతిపాములు రెండు, మల్లులు ముగ్గురు. మూడవది అగథా యను వృద్ధురాలు. ఆమెవి భూతములని పేరు. కాని చక్కగా పరికించినచో ఆమె ఐదు జంతువులకును విషతత్త్వము కలదు. నాలుగవవాడు లాన్స్. వానివి డ్రాగన్లును వాని బంధువులును. స్థాయి 53 మొదలు లాన్స్ యొద్దనున్న డ్రాగనైట్ స్థాయియగు 62 వఱకు వీరి బలము క్రమముగా పెరుగును. విజేత కడపటి జంతువు 65వ స్థాయిలో నుండును.

ఈ ఆటలో స్థాయికంటె తత్త్వము ముఖ్యము. మొదటి ఆటలో తత్త్వములు పదునైదు. ఒకదానికి మఱియొకటి విరుగుడు. నీటిపై విద్యుత్తు రెండింతలుగ తగులును. నీరును రెక్కలును గలదానిపై నాలుగింతలుగ తగులును. నేలతత్త్వముపై అదే విద్యుత్తు సున్న. జంతువు తన తత్త్వమునకే చేరిన ప్రయోగమును చేసినచో దెబ్బ ఒకటిన్నర రెట్లగును. కావున లోరెలైకి విద్యుత్తు, రాతిపాములకు నీరు, మల్లులకును విషభూతములకును మనశ్శక్తి, డ్రాగన్లకు మంచు అవసరమని తేలెను. ఈ నాలుగు మందులును ఎవరెవరియొద్ద నుండవలెనో నిర్ణయించుటయే ఎంపిక.

మొదటి స్థానమునకు చర్చ లేదు. ఆట ఆరంభమున ఆచార్యుడు మూడు జంతువులను చూపి ఒకటి కోరుకొమ్మనును. నేను తాబేలును కోరితిని. అది పెరిగి బ్లాస్టాయిస్ అయ్యెను. నీటి ప్రయోగమందు అది దిట్ట. ఈ కోరికకు ఫలముగ ప్రత్యర్థికి తాబేలును గెలుచునట్టి వృక్షజంతువు దక్కెను. తుదియుద్ధమున కడపట ఎదిరింపవలసిన వీనసార్ అను ఆ 65వ స్థాయి జంతువు మొదటిదినముననే ఈ విధముగ నిర్ణయమైపోయినది.

విద్యుత్తుకొఱకు ఈవీ యను చిన్నజంతువును తీసికొంటిని. ఇది ఆటలో ఒక్కటియే లభించును. దానికి నీటిరాయి, పిడుగురాయి, అగ్నిరాయి యను మూడింటిలో ఏది తాకించిన ఆ తత్త్వమునకు మాఱును. ఒకమాఱు మాఱిన పిదప వెనుకకు రాదు. ఒక్కొక్క రాయి వెల 2,100 యెన్నులు. రెండుదినములు ఆలోచించి పిడుగురాయిని కొంటిని. అది జోల్టియన్ అయ్యెను.

ఒక పట్టణమున పెద్ద దుకాణపు మేడమీద దప్పిగొన్న యొక బాలిక కూర్చుండియుండును. పక్కనున్న యంత్రమునుండి నీళ్లసీసా కొని ఆమెకిచ్చినచో మంచు ప్రయోగమును నేర్పు బిళ్ల నొకదానిని ఇచ్చును. డ్రాగనైట్‌ను నాలుగింతల దెబ్బతో కూల్చు ప్రయోగమిదియే. చన్నీటి గిన్నె ఇచ్చినవాడు ఫలము పోగొట్టుకొనడని ఆదివారపు బడిలో చిన్ననాట నేర్చిన మాట నాకు ఆ మేడమీద జ్ఞప్తికి వచ్చెను. బిళ్ల ఒక్కమాఱే పనిచేయును. దానిని తాబేలునకు నేర్పితిని. మఱి మంచునకు వేఱొక ఆధారమును ఉండవలెనని లాప్రాస్ అను సముద్రజంతువును పెంచితిని. ఒక కచేరి ఉద్యోగి దానిని 15వ స్థాయిలో నుచితముగ ఇచ్చును. 38వ స్థాయికి వచ్చినంతనే ఏ బిళ్లయు లేక తానే మంచు ప్రయోగమును నేర్చుకొనును. ఆ ఇరువదిమూడు మెట్లను ఎక్కించుటయందే ఒక వారము గడచెను. అయినను ఒకటి పడిపోయినచో రెండవది నిలుచునను ధైర్యము దానివలన కలిగినది.

నాలుగవది స్నోర్లాక్స్. ఇది దారికి అడ్డముగ నిద్రించు మహాకాయము. వేణువూది మేల్కొలిపినగాని లేవదు. ఆరోగ్యమును దేహదార్ఢ్యమును దానికి సాటి యైనది నా బలగమున లేదు. విజయమార్గమున బండలను త్రోయుటకును అదియే ఆధారము. కాని దాని దెబ్బలు సామాన్యతత్త్వమువి. భూతములకు సామాన్యపు దెబ్బ ఏమాత్రమును తగులదు. అందఱిలో బలశాలి భూతములయెదుట చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఒకచోట కొండవంటిది వేఱొకచోట గడ్డిపోచ యగుటను ఈ జంతువు నాకు చక్కగా బోధించెను.

ఐదవది మనశ్శక్తి గల కడాబ్రా. దీనియందొక విశేషము కలదు. ఇది ఎంత పోరాడినను ఎంత పెరిగినను తన పూర్ణరూపమును తనకుతాను పొందలేదు. ఒకని యంత్రమునుండి మఱియొకని యంత్రమునకు తీగద్వారా పంపబడిన క్షణముననే అలకజామ్‌గా మాఱును. ఒంటరిగా ఆడువానికి ఆ రూపము దక్కదు. ఆటను కల్పించినవారు స్నేహితుని అవసరమును ఈ విధముగ నియమములలోనే చేర్చిరి. బావయొద్ద హాంటర్ అను భూతము ఉండెను; దానికిని ఇదే నియమము. నేను కడాబ్రాను పంపుదును, అతడు హాంటరును పంపును. రెండును మాఱిన తరువాత ఎవరిది వారికి తిరిగి ఇచ్చుకొందుమని ఒప్పుకొంటిమి.

తీగ ఇరువది యేండ్లకు పైబడినది. కొన వదులుగ నుండెను. మార్పిడి నడుమ తీగ ఊడినను బ్యాటరీ ఆగినను పంపిన జంతువు పోవచ్చును. భోజనముల బల్లమీద యంత్రములను రెంటిని కదలకుండ నుంచి, మా చెల్లెలిని తీగకొన పట్టుకొని యుండుమంటిమి. ఆమె ఊపిరి బిగబట్టి పట్టుకొని యుండెను. కడాబ్రా నా తెరనుండి పోయి బావ తెరమీద అలకజామ్ అయ్యెను. అర నిమిషము నా ఐదవస్థానము అతని చేతిలో నుండెను. నా బలగములోకెల్ల చుఱుకైనది అదియే. దానిని ఉంచుకొనదలచిన అతనిని ఆపు నియమమేదియు లేదు. బావ నావైపు చూచి చిఱునవ్వు నవ్వి, "పట్టుకో, నీ మేధావి వచ్చుచున్నాడు" అని తిరిగి పంపెను.

ఇక మిగిలినది ఆఱవస్థానము. ఈ వ్యాసము వ్రాయుటకు నిజమైన కారణము ఇదియే.

నేను ఆటలో మొట్టమొదట పట్టినది 3వ స్థాయిలో నున్న చిన్న పక్షి. ఇంటిముందరి మొదటి బాటలోనే ఎగురుచుండెను. దానికి గువ్వ యని పేరు పెట్టితిని. అది 18వ స్థాయిలో నొకమాఱు, 36వ స్థాయిలో నొకమాఱు రూపము మాఱి పిడ్జియాట్ అయ్యెను. ఊరినుండి ఊరికి నన్ను మోసికొనిపోయినది ఎల్లపుడు అదియే. కాని విద్యుత్కేంద్రమున జాప్డాస్ అను పిడుగుపక్షి యొకటి కలదు. అట్టిది ఆటలో ఒక్కటియే. 50వ స్థాయిలో నుండగనే దొరకును. వేగమునను దెబ్బయందును గువ్వ దానికి సాటి రాదు. నేను దానిని పట్టి పెట్టెలో నుంచితిని.

"ఏమోయ్, జాప్డాస్ పెట్టెలో నిద్రించుచుండగా ఈ పిట్టను ఇంకను మోయుచున్నావా?" అని బావ యడిగెను.

"మొదటినుండి తోడున్నది, బావా" అంటిని.

"తోడున్నందులకు కృతజ్ఞత చూపుము. పెట్టెలో నుంచి విశ్రాంతి నిమ్ము. యుద్ధమునకు మాత్రము యోధుని తీసికొనిపొమ్ము" అనెను.

అతని మాటలో న్యాయము లేకపోలేదు. మన పాఠశాల జట్టును ఎన్నుకొనునపుడును ఇదే ప్రశ్న వచ్చుచుండును. నాలుగేండ్లుగా ప్రతి సాయంకాలము మైదానమునకు వచ్చినవానిని నిలుపవలెనా, నిన్న చేరిన మెఱుపువంటివానిని నిలుపవలెనా? పాతవాడను జాలితో నొకనిని నిలిపినచో తక్కిన పదిమందికి అన్యాయము. క్రొత్తవాడు బలశాలియని మాత్రమే నిలిపినచో రేపటినుండి సాయంకాలము ఎవడు వచ్చును?

న్యాయాధిపతుల గ్రంథములోని గిద్యోను కథను మనమందఱము వినియున్నాము. ముప్పదిరెండువేలమంది సైనికులు వచ్చిరి. భయపడువారు మరలిపోవచ్చునన్నంతనే పదివేలమంది మిగిలిరి. నీరు త్రాగు తీరును బట్టి వారినుండి మూడువందలమందిని ఏర్పఱచిరి. ఆ పరీక్షలో బలమును తూచినవారు లేరు. ఎక్కువ బలము గలది ఏది యని గాక, ఆఱవస్థానమున చేయవలసిన పని యేమి యని అడుగవలెనని నాకు ఆ కథవలన తోచెను.

పని యేమన: మొదటి ఐదును కలసి మేటి నలుగురకు చాలును. కాని అలకజామ్ యొక్క ముఖ్యప్రయోగము పదిమార్లకే పరిమితము. మల్లులు ముగ్గురకు మూడు, అగథా ఐదింటికి ఐదు పోయినను ఎనిమిది. ఒకటి రెండు జంతువులు ఒక్క దెబ్బకు పడకపోయినచో పదియు తీఱును. అంతట విజేత కడపట విడుచు వీనసారునకు మందు ఉండదు. తాబేలునకును లాప్రాసునకును అది ప్రబలశత్రువు. దానిపై విద్యుత్తు దెబ్బ సగమే తగులును. దానికి విరుగుడు పక్షి. వృక్షపు దెబ్బ పక్షికి సగమే తగులును. పక్షి దెబ్బ వృక్షమునకు రెండింతలు తగులును. ఆఱవస్థానపు పని ఈ యొక్క జంతువును కూల్చుట. విద్యుత్తునకు జోల్టియన్ ఇదివఱకే యుండెను గాన జాప్డాస్ యొక్క పిడుగు నాకు అదనమే గాని అవసరము కాదు.

బావయొద్ద 56వ స్థాయి వీనసార్ ఉండెను. తీగతో మార్పిడియే గాక పోరును జరుపవచ్చును. "పది దినములలో గువ్వను పెంచెదను. నీ వీనసారుతో మూడుమార్లు పోరాడించెదము. రెండుమార్లు గెలువకున్న జాప్డాసునే తీసికొందును" అంటిని. అతడు సమ్మతించెను.

పది దినములు విజయమార్గమున గుహజంతువులతో పోరాడించితిని. అచట అనుభవము చాల మెల్లగ చేరును. అందులోను రాళ్లజంతువులకు పక్షి లోకువ. గువ్వను ముందు నిలిపి వెంటనే వేఱొకదానికి పోరు అప్పగించినచో అనుభవము ఇరువురకును పంపకమగును. స్నోర్లాక్సును తాబేలును ఈ విధముగ తమ పాలులో సగము దానికి విడిచిపెట్టెను. పదవదినము సాయంకాలమునకు గువ్వ 52వ స్థాయికి వచ్చెను. బల్లమీద తీగ పెట్టితిమి. మొదటి పోరున గువ్వ ఓడెను. రెండవదానిలో గెలిచెను. మూడవదానిలో ఒక్క దెబ్బకు చాలినంత ప్రాణము మిగిలియుండగా ఆకాశమున కెగిరి, ఆ యెగిరిన వేళ వీనసార్ విసరిన ఆకులు వృథా కాగా, దిగివచ్చి కూల్చెను. బావ తన యంత్రమును క్రింద నుంచి, "సరే, నీ పిట్ట పని నేర్చినది" అనెను. ఆఱవస్థానము నిండెను.

తరువాత సంచి సర్దుట. ఈ ఆట సంచిలో ఇరువది రకముల వస్తువులకే చోటు. అక్కఱలేనివానినెల్ల పెట్టెలో నుంచితిని. నాయొద్ద 44,000 యెన్నులు ఉండెను. పూర్తిగ స్వస్థత నిచ్చు ఔషధములు ఎనిమిదింటికి ఒక్కొక్కటి 3,000 చొప్పున 24,000. మూర్ఛిల్లినవానిని లేపునవి పదింటికి 1,500 చొప్పున 15,000. విషము, పక్షవాతము మొదలగువానిని పోగొట్టునవి ఐదింటికి 600 చొప్పున 3,000. మొత్తము 42,000 అయ్యెను. అగథా జంతువులు నిద్రపుచ్చు విద్య నెఱుగును. దానికి ఔషధము కొనలేదు. స్నోర్లాక్సును లేపిన వేణువు ఎన్నిమార్లూదినను అరుగదు. పోరులోను అది నిద్రను పోగొట్టును. కావున వేణువునకొక చోటు ఉంచితిని. ఔషధము వాడిన ప్రతిమాఱు మన దెబ్బ వంతు పోవును. అందుచేత ఏ గదిలో ఎన్ని వాడవచ్చునో నోటుపుస్తకమున ముందే వ్రాసికొంటిని.

బావ నాకంటె ఒకదినము ముందు లోపలికి పోయెను. అతడు తన జాప్డాసునే 70వ స్థాయికి పెంచి, దానిచేతనే పోరు నడిపెను. రాతిపాములయొద్ద కొంత తడబడినను తుదకు గెలిచెను. గెలుపు గెలుపే, దానిని తక్కువ చేయుట న్యాయము కాదు. అతని మార్గము శీఘ్రమైనది. విజేతల మండపమున యంత్రము ఆఱు జంతువులను వరుసగా చూపును. అతని ఆఱింటిలో ఐదు ఆ దినమున పోరులోనికి దిగినవి కావు. అతడే నవ్వుచు, "వీరు పెండ్లివారితో వచ్చిన చుట్టములు" అనెను.

మఱునాడు నేను పోయితిని. మొదటి గదిలో జోల్టియన్ నాలుగింటిని పడగొట్టెను. జింక్సును స్నోర్లాక్స్ తన దేహభారముతో కూల్చెను. రెండవ గదిలో రాతిపాములను నీరు తీసికొనిపోయెను. మల్లులను అలకజామ్ చూచికొనెను. మూడవ గదిలో వేణువు రెండుమార్లు అక్కఱకు వచ్చెను. అలకజామ్ పది ప్రయోగములును అచటనే ముగిసెను. నాలుగవ గదిలో లాప్రాస్ పడిపోయెను. తాబేలు డ్రాగనైటును కూల్చెను. ఒకదానికి తోడు మఱియొకటి యుంచినందులకు ఫలము అచట కనబడెను. ఐదవ గదిలో ఐదు జంతువులను దాటుసరికి తాబేలును జోల్టియనును మూర్ఛిల్లెను. మూర్ఛ తేర్చు ఔషధములు అయిపోయెను. అంతట విజేత వీనసారును విడిచెను.

గువ్వను పంపితిని. నాలుగుమార్లు ఎగిరెను. నడుమ నొకమాఱు కడపటి ఔషధము నిచ్చితిని. నాలుగవమాఱు దిగినపుడు పోరు ముగిసెను. బావ నా భుజముపై గట్టిగా చఱచెను. చెల్లెలు మామయ్యను పిలుచుకొని వచ్చెను.

మామయ్య తెరమీద ఆఱింటిని చూచెను. "మామయ్యా, మీ ఆఱు ఏవి?" అని యడిగితిని. ఆయన ఎంతమాత్రము ఆలోచింపక వరుసగా చెప్పెను. ఆట నశించి ఎన్నో ఏండ్లైనను పేర్లు నిలిచియుండెను. ఏ స్థాయిలో నున్నవో, ఏయే ప్రయోగములు నేర్చినవో జ్ఞాపకము లేదు. ఆ యాఱింటిలో బటర్‌ఫ్రీ యను సీతాకోకచిలుక యొకటి. తుదియుద్ధమునకు అది బలహీనమైనదని ఆట నెఱిగినవారెల్లరు చెప్పుదురు. అది యేల యని అడిగితిని. "అడవిలో మొదట పట్టినది" అని ఆయన చెప్పెను. అంతకుమించి చెప్పలేదు, నేనును అడుగలేదు.

మఱి రెండుదినములకు వారు ప్రయాణమైరి. నీలము ప్రతిని బావ తీసికొనిపోయెను. తీగను నాయొద్ద విడిచిపోయెను, వచ్చునపుడు కావలెననెను. నా కార్ట్రిడ్జిలోని బ్యాటరీయు ఒకనాడు ఆఱిపోవును. మండపమున నిలిచిన ఆఱు పేర్లును ఆ దినమున పోవును. పత్రికకు బ్యాటరీతో పనిలేదు గనుక వానిని ఇచట వ్రాసి యుంచుచున్నాను: బ్లాస్టాయిస్, 57వ స్థాయి, లాప్రాస్, 53, జోల్టియన్, 55, స్నోర్లాక్స్, 54, బావ చేతిలో అర నిమిషముండి తిరిగివచ్చిన అలకజామ్, 56, గువ్వ, 54.